ఒకే సాయంత్రం ఏడు కొత్త నాటికలు: ఐదో నాటిక వచ్చేసరికి హాలు ఎందుకు ఖాళీ అయింది?

కలం_కాగితం

గత వారం ఒక చిన్న నాటకోత్సవంలో ఒకే సాయంత్రం ఏడు కొత్త నాటికలు ప్రదర్శించారు. ఏ నాటికా 15 నిమిషాలకు మించరాదన్నది నియమం. వాటిలో ఐదోది నేను రాసినది. నా రచన రంగస్థలం ఎక్కడం అదే మొదటిసారి. మూడో గంట మోగినప్పుడు హాలులో సుమారు 90 మంది ఉన్నారు. నా నాటిక మొదలయ్యేసరికి 35 మంది మిగిలారు. ఏడోది ముగిసేసరికి కుర్చీల్లో కనిపించినవారంతా దాదాపుగా అంతకుముందు నటించినవారూ వారి ఇంటివారూ మాత్రమే.

వెళ్లిపోయినవారి మీద నాకు కోపం లేదు. ఇంటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. ఏడు నాటికల అసలు నిడివి అంతా కలిపి 94 నిమిషాలు, ప్రేక్షకులు కూర్చోవలసి వచ్చినది 185 నిమిషాలు. సెట్టు మార్చడం, మైకులు సరిచేయడం, వేదిక మీద పరిచయాలు, సత్కారాలు కలిసి మిగిలిన 91 నిమిషాలనూ తినేశాయి. పరిచయం చేసిన పెద్దమనిషి నా నాటికకు ముందు ఎంతో అభిమానంతో మాట్లాడుతూ, ఆ ఉత్తరం రాసింది కూతురేనని చివర తెలిసే ఘట్టం మిమ్మల్ని కదిలిస్తుందని చెప్పేశారు. నా నాటికలో దాచి ఉంచినదల్లా ఆ ఒక్క సంగతే.

ఇలాంటి సాయంత్రాలు కొత్త రచనకు మేలు చేస్తాయా, లేక దాన్ని గుంపులో కలిపేస్తాయా? మేలు చేయాలంటే ఏర్పాటు ఎలా ఉండాలి? రంగస్థలంతో పరిచయం ఉన్నవారు, చూసేవారు, అందరూ చెప్పండి.

నాలుగో_వరుస

నేను రాయను, నటించను. చూడడం ఒక్కటే నాకు తెలిసిన పని. నాటకం పొడవుగా ఉందని నేను ఎన్నడూ లేచిపోలేదు, ఇంకా ఎంతసేపో తెలియనప్పుడు మాత్రం లేచిపోయాను. మూడు గంటల నాటకానికి వెళ్తే విరామం ఎప్పుడో, ముగింపు ఎప్పుడో మనసు ముందే సర్దుకుని ఉంటుంది. ఏడు నాటికల సాయంత్రంలో ఒక్కొక్కటి ముగిసినప్పుడల్లా ఎవరి మనసూ నొప్పించకుండా వెళ్లిపోయే సందు దొరుకుతుంది. ఆ సందును పదేసి నిమిషాలు తెరిచి ఉంచితే ఎవరైనా వాడుకుంటారు. మీరు చేతికి కరపత్రం ఇచ్చారా? ఏ నాటిక ఎంతసేపో అందులో వేశారా?

కలం_కాగితం

కరపత్రం ఇచ్చారు. నాటికల పేర్లు, రచయితల, దర్శకుల, నటుల పేర్లు ఉన్నాయి. నిడివి లేదు. విరామం ఎప్పుడో కూడా లేదు, ఎందుకంటే విరామమే లేదు.

వింగ్‌లో_నిలబడి

ఆ 91 నిమిషాలే అసలు జబ్బు. నాటికల సాయంత్రాలకు రంగ నిర్వహణ చేసిన అనుభవంతో చెబుతున్నాను. ప్రతి బృందమూ తన నాటికను నెల రోజులు సాధన చేస్తుంది. ఒక నాటిక ముగిసి ఇంకొకటి మొదలయ్యే ఆ కాస్త వ్యవధిని మాత్రం ఎవరూ సాధన చేయరు, అది ఏ బృందానికీ చెందినది కాదు కనుక. వెళ్లే బృందం తన సామాను తీస్తున్నప్పుడే వచ్చే బృందం తన సామాను తెస్తుంది, రెండూ ఒకే వింగ్‌లో, అంటే రంగస్థలం పక్కన తెరచాటు చోటులో, ఎదురుపడతాయి, ఒకరి బల్ల కాలు ఇంకొకరి తెరకు తగులుకుంటుంది.

మేము పాటించే పద్ధతి చెబుతాను. నాటికలు ఎంపికైన రోజునే అందరు దర్శకులకూ ఉమ్మడి సామాను జాబితా అందజేస్తాం: నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక పొడవాటి బెంచీ, రెండు చెక్క పెట్టెలు. మంచం కావలసినవారు బెంచీ మీద దుప్పటి పరుచుకుంటారు. తలుపు కావలసినచోట నటుడు తలుపు తీసినట్టు తీస్తాడు, ప్రేక్షకుడు నమ్ముతాడు. చేత్తో పట్టుకొచ్చే వస్తువులు మాత్రమే ఎవరివి వారివి. సామాను ఎడమ వింగ్‌లోంచి బయటికి పోవాలి, కుడి వింగ్‌లోంచి లోపలికి రావాలి. ఈ దారి సాయంత్రమంతా మారదు. కుర్చీల కాళ్లు ఎక్కడ ఆనాలో ఒక్కో నాటికకు ఒక్కో రంగు టేపు ముక్కలతో నేల మీద గుర్తులు పెడతాం. ఎవరు ఏది తీయాలో, ఎవరు ఏది తేవాలో రాసిన కాగితాన్ని రెండు వింగ్‌లలోనూ అంటిస్తాం.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందురోజు సాధన. ప్రతి నాటికలో మొదటి మాట, చివరి మాట, మధ్యలో లైటో శబ్దమో మారే చోట్లు మాత్రమే పలికిస్తూ ఏడింటినీ వరుసగా నడిపిస్తాం. నాటికల మధ్య మార్పులను మాత్రం ఏమీ తగ్గించకుండా పూర్తిగా చేయిస్తాం. మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టిన మార్పు మూడోసారికి 40 సెకన్లకు దిగిన సందర్భాలు నేను చూశాను. చీకటిలో అంతసేపు కూర్చోవడం ప్రేక్షకుడికి ఇష్టంగానే ఉంటుంది, చూసినదాన్ని ఒకసారి లోపల తలచుకుంటాడు. అది నాలుగు నిమిషాలు దాటితే ఫోను తీస్తాడు, ఆ ఫోను వెలుగు పక్కవాడి సాయంత్రాన్ని కూడా పాడుచేస్తుంది.

దీపధారి

చీకటి దగ్గర మాత్రం వింగ్‌లో_నిలబడి గారితో విభేదిస్తాను. మంచి వెలుగులోంచి హఠాత్తుగా చీకట్లోకి వెళ్లిన కన్ను ఆ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. సామాను మోసేవారికి మీరు 40 సెకన్లు ఇస్తున్నారు. అంటే వారు కళ్లు లేనట్టే పనిచేస్తున్నారు. దీపాలు ఆరబోయే ముందు కొన్ని క్షణాలు ఒక కన్ను మూసి ఉంచడం అనుభవం ఉన్న నటులు నేర్చుకున్న ఉపాయం, కానీ కొత్తవారికి ఇది తెలియదు. చీకట్లో మెరిసే టేపు ఉంటుంది. అయితే దాని మీద ముందుగా బాగా వెలుగు పడితేనే అది తరువాత మెరుస్తుందని మరిచిపోయి, బల్ల నీడలో అంటించి, తీరా సమయానికి అది కనిపించక ఇబ్బంది పడినవారిని చూశాను.

నా సలహా ఏమిటంటే, ప్రతి నాటిక చివరా ఐదారు సెకన్లు పూర్తి చీకటి ఉంచండి. ఆ చీకటి నాటికకు చెందినది, దాన్ని ఎవరూ ముట్టుకోరాదు. తరువాత మసక నీలం వెలుగు వేసి ఆ వెలుగులో సామాను మార్చండి. ప్రేక్షకులు చూస్తే చూడనివ్వండి. నల్లటి దుస్తులు వేసుకున్న నలుగురు మాట్లాడకుండా, తొట్రుపడకుండా ఒక గదిని ఇంకో గదిగా మార్చడం చూడముచ్చటగానే ఉంటుంది.

లైటింగ్ విషయంలో కూడా ఉమ్మడి జాబితా సూత్రమే పనికివస్తుంది. రంగస్థలం అంతటినీ సమంగా కప్పే వెలుగు ఒకటి, వెచ్చనిది ఒకటి, చల్లనిది ఒకటి అందరికీ కలిపి ఉంచుతాను. ఆపైన ప్రతి నాటికకూ సొంతంగా రెండు దీపాలు, అంతే. ఏడు బృందాలు ఏడు రకాలుగా దీపాలను తిప్పమని అడిగితే నిచ్చెన ఎక్కి దిగడానికే సాయంత్రం చాలదు. రెండే దీపాలని చెప్పినప్పుడు దర్శకులు మొదట గొణుగుతారు; తరువాత ఆ రెండింటినీ ఎక్కడ వాడాలో ఆలోచించడం మొదలుపెడతారు, వారి నాటిక మెరుగవుతుంది.

వింగ్‌లో_నిలబడి

ఆ ఐదారు సెకన్ల చీకటి మాట ఒప్పుకుంటున్నాను. చివరి మాట ఇంకా గాలిలో ఉండగానే కుర్చీ లాగిన చప్పుడు వినిపించడం కంటే రచయితకు పెద్ద అవమానం లేదు.

పాత_ప్రతి

కలం_కాగితం గారు అడిగిన మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. చిన్న నాటికను పెద్ద నాటకానికి ముందు నేర్చుకునే అక్షరాభ్యాసంలా చూసేవారు చాలామంది ఉన్నారు. మన సంప్రదాయంలో ఆ చిన్నచూపు లేదు. నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాలలో, అంటే నాటక రకాలలో, వ్యాయోగం, భాణం, వీథి, అంకం ఒకే అంకానికి పరిమితమైనవి. 1912 నుంచి తిరువనంతపురంలో గణపతిశాస్త్రి ప్రచురించిన భాసుడి నాటకాలు 13, వాటిలో మధ్యమవ్యాయోగం, దూతవాక్యం, దూతఘటోత్కచం, కర్ణభారం, ఊరుభంగం ఏకాంకికలే. కర్ణభారంలో జరిగేదల్లా యుద్ధానికి బయలుదేరిన కర్ణుడు దారిలో కవచకుండలాలను దానం ఇవ్వడమే, అయినా అక్కడ ఏదో తక్కువైందని ఎవరికీ అనిపించదు.

ఒకే రాత్రి అనేక ఏకాంకికలు వేయడం కూడా కొత్త సంగతి కాదు. 1904 డిసెంబరు 27న డబ్లిన్‌లో అబ్బే థియేటర్ తలుపులు తెరిచింది ఏకాంకికలతోనే. 1916 వేసవిలో అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో ఔత్సాహికులు కొందరు సముద్రపు రేవు మీది పాత షెడ్డులో ఏకాంకికలు వేశారు. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ రచన మొదటిసారి రంగం ఎక్కింది అక్కడే. కనుక గుంపులో కలిసిపోతామనే భయం అక్కరలేదు. గుంపు లేకపోతే ఆ రచన చూడడానికి ఎవరు వచ్చేవారు?

వరుసక్రమం గురించి కూడా ఒక మాట. పారిస్‌లో 1897 నుంచి 1962 వరకు నడిచిన గ్రాన్ గిన్యోల్ అనే చిన్న రంగశాలలో ఒకే రాత్రి చిన్న నాటికలు అనేకం వేసేవారు. ఒళ్లు జలదరించే నాటిక తరువాత కడుపుబ్బ నవ్వించే ప్రహసనం, మళ్లీ భయం, మళ్లీ నవ్వు. వేడినీళ్లూ చన్నీళ్లూ మార్చి మార్చి పోసినట్టన్నమాట. మీ ఏడు నాటికలూ ఏ క్రమంలో వచ్చాయి?

కలం_కాగితం

దరఖాస్తులు అందిన క్రమంలో. మొదటి నాలుగింటిలో మూడు మరణం మీద, ఒకటి విడాకుల మీద. నాది కూడా తండ్రి మరణం తరువాత కథే. ఏడోది మాత్రం హాస్య నాటిక, చాలా బాగుంది. దాన్ని చూసినవారు పాతికమంది కూడా లేరు.

నాలుగో_వరుస

ఏడోది రెండో స్థానంలో వేసి ఉంటే నేను ఐదోదాకా కూర్చునేవాణ్ణి.

ఎర్ర_గీత

ఏర్పాట్ల గురించి మీరందరూ చెప్పినది నిజమే, అయినా అది సగం జవాబేనని నాకు అనిపిస్తోంది. కొత్త నాటికల ఎంపికలో కూర్చుని చాలా ప్రతులు చదివాను. మనం 15 నిమిషాల నాటిక అని పిలుస్తున్న వాటిలో ఎక్కువ భాగం రెండు గంటల నాటకాన్ని నీళ్లు పిండి ఆరేసినవే. మొదటి నాలుగు పేజీలలో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పుకుంటారు. తరువాత ఎవరో ఫోను చేసి గతమంతా వినిపిస్తారు. లైట్లు ఆరుతాయి, ఆరు నెలలు గడుస్తాయి. లైట్లు మళ్లీ ఆరుతాయి, పదేళ్లు గడుస్తాయి. వింగ్‌లో_నిలబడి గారు నాటికల మధ్య మార్పులను 40 సెకన్లకు తగ్గించగలరేమో కానీ, నాటిక లోపల రచయిత పెట్టిన చీకట్లను ఎవరు తగ్గిస్తారు?

పాత_ప్రతి గారు చెప్పిన ఊరుభంగాన్నే చూడండి. అంత పెద్ద గదాయుద్ధాన్ని కవి రంగం మీదికి తేలేదు, భటుల నోట చెప్పించాడు. ఆయన మన ముందు ఉంచినది యుద్ధం ముగిసిన తరువాతి వ్యవధిని. తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడి దగ్గరికి పసివాడైన కొడుకు దుర్జయుడు వచ్చి, ఎప్పటిలాగే ఒడిలో కూర్చుంటానంటాడు. ఆ ఒడి ఇప్పుడు లేదు. అంతకుముందు జరిగిన వైరమంతా ఆ కోరికలోకి వచ్చి చేరింది. చిన్న నాటిక రాసేవారు కథలో ఎంత ఆలస్యంగా ప్రవేశించవచ్చో ఇంతకంటే గొప్ప పాఠం నాకు తెలియదు.

నిడివిని పేజీలతో కొలవకండి. గడియారం ముందు పెట్టుకుని, నడవవలసినచోట నడుస్తూ, ఆగవలసినచోట ఆగుతూ పైకి చదవండి. మౌనం అని కాగితం మీద రాస్తే ఒక్క మాట, నటి దాన్ని పట్టుకుంటే 20 సెకన్లు. ప్రేక్షకులు నవ్వే వ్యవధి కూడా మీ ఖాతాలోదే. 15 నిమిషాల నియమానికి నేను 12 నిమిషాల ప్రతిని కోరుకుంటాను. ఎంత చిన్నదైనా పూర్తిగా ఉండవచ్చుననడానికి శామ్యూల్ బెకెట్ రాసిన ‘బ్రెత్’ ఉంది. 1969లో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటిక నిడివి సుమారు 35 సెకన్లు, అందులో మనిషి ఒక్కరూ కనిపించరు. చెత్త చెల్లాచెదరుగా పడివున్న రంగం మీద ఒక ఏడుపు, వెలుగుతో పాటు పెరిగే ఉచ్ఛ్వాసం, వెలుగుతో పాటు తగ్గే నిశ్వాసం, మళ్లీ ఏడుపు. అందరూ అలా రాయాలని నా ఉద్దేశం కాదు. చిన్నదనం ఆ నాటికకు ఎవరో విధించిన హద్దు కాదని, దాని స్వరూపమే అదని చెబుతున్నాను.

కలం_కాగితం గారూ, మీ నాటికలో ఎన్ని దృశ్యాలు?

కలం_కాగితం

మూడు. అంత్యక్రియల రోజు, నెల తరువాత, సంవత్సరం తరువాత. ఉత్తరం మూడో దృశ్యంలో వస్తుంది. మీ పోస్టు చదివిన తరువాత ప్రతిని మళ్లీ తీశాను. మొదటి రెండు దృశ్యాలలో ఉత్తరానికి అవసరమైన మాటలు ఏడో ఎనిమిదో ఉన్నాయి, మిగిలినదంతా నాకు ఆ కుటుంబం మీద ఉన్న ప్రేమ కొద్దీ రాసుకున్నది. ఇది ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది.

విరామ_చిహ్నం

విరామం లేదన్నారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. విరామం ఎప్పుడూ మంచిదేనని నేను అనను. స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బెర్గ్ 1888లో తన నాటకం ‘మిస్ జూలీ’ ముందుమాటలో అంకాల విభజననే తీసేశానని రాశాడు. విరామంలో ప్రేక్షకుడికి ఆలోచించుకునే తీరిక దొరికి నాటకం కల్పించిన భ్రమ చెదిరిపోతుందన్నది ఆయన భయం. గంటన్నర ఏకధాటిగా నడిచే ఒక్క నాటకానికి అది సరైన మాటే. ఏడు వేర్వేరు నాటికలు చూసేవారికి మాత్రం ఆ తీరికే కావాలి. ఒక లోకంలోంచి బయటికి రాకుండా ఇంకో లోకంలోకి వెళ్లలేం. ఏడింటిని మూడు, నాలుగుగా విడదీసి, మధ్యలో 15 నిమిషాలు ఆపి, ఆ సంగతి కరపత్రంలో వేస్తే సగం మంది మిగిలేవారని నా నమ్మకం.

దీపధారి

విరామంలో కూడా సగం మంది వెళ్లిపోతారు. చూశాను.

విరామ_చిహ్నం

వెళ్తారు. ఏ నాటిక మధ్యలోనూ వెళ్లరు. నటుడు మాట్లాడుతుండగా తలుపు కిర్రుమనదు.

రంగు_పూసిన_ముఖం

నటుల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. ఆరో నాటికలో వేషం ఉన్నప్పుడు సాయంత్రం ఆరింటికి మేకప్ వేసుకుని రాత్రి తొమ్మిదింటికి రంగం మీదికి వెళ్లాను. ఆ మూడు గంటలూ ఒకే గ్రీన్‌రూమ్‌లో ఇరవై రెండు మందిమి. ఒక మూల ఎవరో ఏడుపు సాధన చేస్తున్నారు, ఇంకో మూల హాస్య నాటికవారు నవ్వుకుంటున్నారు. నా వంతు వచ్చేసరికి గొంతు చల్లబడిపోయింది, నాలుగు వాక్యాలు పలికిన తరువాత గానీ నా పాత్ర నాకు దొరకలేదు. పెద్ద నాటకంలో ఆ నాలుగు వాక్యాలను తరువాత సరిదిద్దుకోవచ్చు. 12 నిమిషాల నాటికలో అవి పాత్ర పరిచయంలో మూడో వంతును మింగేస్తాయి. వంతుకు ముందు 20 నిమిషాలు గొంతునూ ఒంటినీ సిద్ధం చేసుకోవడానికి వరండా అయినా సరే, వేరే చోటు ఇవ్వండి.

ఉమ్మడి సామాను గురించి ఒక సంఘటన గుర్తుకొచ్చింది. మా ముందు నాటికలో వృద్ధుడి చేతికర్రను హడావుడిలో రంగం మీదే మరిచిపోయారు. మాది చిన్నపిల్లల తరగతి గది కథ. లైట్లు వెలిగేసరికి బల్ల మీద చేతికర్ర! మా సహనటుడు మాస్టారి వేషంలో ఉన్నాడు. తడుముకోకుండా దాన్ని అందుకుని నల్లబల్ల మీద అక్షరాలు చూపించడం మొదలుపెట్టాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. తరువాతి ప్రదర్శనల్లో దర్శకుడు ఆ చేతికర్రను అలాగే ఉంచేశాడు.

వింగ్‌లో_నిలబడి

ఆ మాస్టారికి నా నమస్కారం. ఆ కర్రను మరిచిపోయినవారి పేరు మాత్రం నా గోడ కాగితంలో ఉండేది.

తీగ_వాయిద్యం

నాటికల మధ్య సంగీతం గురించి. ముగిసిన నాటిక విషాదమైతే విషాదరాగాన్ని కొనసాగించడం, వచ్చేది హాస్యమైతే ముందే గిలిగింతలు పెట్టే వాయిద్యం మోగించడం చాలాచోట్ల విన్నాను. రెండూ తప్పే. మొదటిది ప్రేక్షకుడి దుఃఖాన్ని ఇంకొంచెం పిండాలని చూస్తుంది, రెండోది వచ్చే నాటిక రహస్యాన్ని బయటపెడుతుంది, అచ్చం కలం_కాగితం గారి పరిచయకర్త చేసినట్టే. సాయంత్రమంతటికీ ఒకే చిన్న స్వరం, ఒకే వాయిద్యం మీద, ప్రతి మార్పులోనూ అదే ఉంటే చాలు. మూడోసారి వినేసరికి ప్రేక్షకుడి చెవికి అది తలుపు చప్పుడులా పరిచయమవుతుంది.

మొదటి_పాఠకుడు

కొత్త నాటికలు అన్నారు కనుక అడుగుతున్నాను: ప్రదర్శన తరువాత చర్చ జరిగిందా? నా దృష్టిలో కొత్త రచనకు ఈ సాయంత్రాల వల్ల కలిగే అసలు మేలు అక్కడే ఉంది. ముద్రించిన కథకు ఉత్తరాలు వారాల తరువాత వస్తాయి. నాటికకు జవాబు అదే గదిలో, ఆ క్షణంలోనే ఉంటుంది. చర్చ లేకపోతే ఆ జవాబు వాకిట్లోకి నడిచిపోతుంది.

ఎర్ర_గీత

చర్చ అంటే నాకు భయం. ఏడు నాటికల తరువాత అలసిన జనం, మైకు అందుకున్న ఇద్దరు ముగ్గురు, తాము అయితే ఎలా రాసేవారో చెప్పడం. రచయిత సంజాయిషీ ఇచ్చుకోవడం. మరుసటి రోజు ఆ రచయిత తన నాటికను మరిచిపోయి వారి నాటికను రాయడం మొదలుపెడతాడు.

మొదటి_పాఠకుడు

ఆ చర్చ నాకూ వద్దు. నేను కోరేది ఇది: రచయిత మాట్లాడకూడదు, రాసుకోవాలి. అడిగేవారు రెండే ప్రశ్నలు అడగాలి. ఏ క్షణం మీకు గుర్తుండిపోయింది, ఏ క్షణంలో దారి తప్పారు? సలహాలు తీసుకోవద్దు. పదిమందిలో ఏడుగురు ఒకే చోట దారి తప్పామంటే అక్కడ గుంత ఉందని అర్థం. దాన్ని ఎలా పూడ్చాలో రచయితకే తెలియాలి.

ఎర్ర_గీత

రచయిత మౌనంగా ఉండే పక్షంలో నేను కూడా వస్తాను.

పాత_ప్రతి

బహుమతుల గురించి కూడా తేల్చుకోవాలి. సిడ్నీలో 2002లో మొదలైన షార్ట్ ప్లస్ స్వీట్ వంటి పది నిమిషాల నాటికల ఉత్సవాలలో ప్రేక్షకుల ఓటుకు చోటు ఉంది. ఓటు ఉంటే జనం శ్రద్ధగా చూస్తారు, చివరిదాకా ఉంటారు. కానీ తమవారి నాటికకు ఓటు వేయడానికే వచ్చి అది కాగానే వెళ్లిపోయేవారు కూడా పెరుగుతారు. ఓటు పెట్టేవారు కాగితాలను ఆఖరి నాటిక తరువాతే పంచాలి.

కలం_కాగితం

పది రోజుల తరువాత రాస్తున్నాను. ఉత్సవంలో అవే ఏడు నాటికలకు నిన్న రెండో ప్రదర్శన ఉండింది. ఈ చర్చలోని మాటలను రెండు పేజీలుగా రాసుకుని నిర్వాహకులను కలిశాను. వారు చిన్నబుచ్చుకోలేదు, మాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పారు. సత్కారాలను చివరికి నెట్టారు. వేదిక మీద పరిచయాలు తీసేసి కరపత్రంలో నిడివులు, విరామం వేశారు. హాస్య నాటికను రెండో స్థానానికి తెచ్చారు, నాది విరామం తరువాత మొదటిదైంది. ముందురోజు మార్పులను మూడుసార్లు సాధన చేశాం. మొత్తం సాయంత్రం 127 నిమిషాలకు ముగిసింది.

అన్నీ కుదరలేదు. నీలం వెలుగు ఎక్కువైంది, మూడో మార్పులో ఒక కుర్చీ పక్క నాటిక గుర్తుల మీద పడింది, దాన్ని నటి సంభాషణ మధ్యలో జరుపుకోవలసి వచ్చింది. విరామంలో పదిహేనుమంది వెళ్లారు, దీపధారి గారు చెప్పినట్టే. మిగిలినవారు చివరిదాకా ఉన్నారు.

నా నాటికలో మొదటి దృశ్యం పూర్తిగా తీసేశాను. దర్శకుడికి కోపం వచ్చింది, ఒక నటుడి వేషం సగానికి సగం పోయింది, ఆయనకు నేను స్వయంగా వెళ్లి చెప్పాను. నాటిక 11 నిమిషాలకు వచ్చింది. ప్రదర్శన తరువాత ఇరవై మందిమి కింద కూర్చున్నాం, నేను నోరు విప్పలేదు. ఉత్తరం మడత విప్పిన క్షణం గుర్తుండిపోయిందని ఎనిమిదిమంది చెప్పారు. ఉత్తరం చదివిన తరువాత తల్లి మాట్లాడే ఆరు వాక్యాల దగ్గర దారి తప్పామని తొమ్మిదిమంది చెప్పారు. ఆ ఆరు వాక్యాలు నేను అన్నిటికంటే ముందు రాసుకున్నవి. నాటిక మొత్తం వాటి కోసమే మొదలైంది.

ఎర్ర_గీత

తల్లి ఆ ఉత్తరాన్ని పైకి చదువుతుందా, తనలో చదువుకుంటుందా?

కలం_కాగితం

పైకి చదువుతుంది.

రంగు_పూసిన_ముఖం

ఆ నటి చేతికి ఉత్తరం ఇచ్చి, ఒక్కసారి మాటలు లేకుండా చదవమని అడిగి చూడండి. పక్కన కూతురు నిలబడి ఉండాలి.

కలం_కాగితం

ఆదివారం సాధన ఉంది. అడుగుతాను.